సంఘానికి ఒక మనిషి తక్కువ

సంఘం పోయేటట్టుందన్న కబురు నాకు చోడవరం గ్రంథాలయంలో ఉండగా అందింది. పేపర్లు చదివే పొడుగు బల్ల చివర కూర్చుని, మంచినీటి చేపల పెంపకం మీద ఒక పాత పుస్తకం ముందేసుకుని నోట్సు రాసుకుంటున్నాను. ఫోన్లో మావ.

“ఒరే అల్లుడా, ఎక్కడున్నావు?”

“లైబ్రరీలో మావా.”

“ఆ పుస్తకాల దుమ్ము దులిపింది సాలు గాని, బేగి రా. మన సంఘం ఎత్తేసేటట్టున్నారు.”

మావ మా అమ్మకు అన్న. మా ఊరి మత్స్యకారుల సహకార సంఘానికి ప్రెసిడెంటు. చీడికాడ వైపు కొండల కింద ఉన్న జలాశయంలో చేపలు పట్టుకునే లైసెన్సు ఆ సంఘానిది. సముద్రం మాకు దూరం. అయినా హార్బరు ఉన్నవాళ్లకు ఎన్ని తలనొప్పులుంటాయో అవన్నీ చిన్న కొలతలో మాకూ ఉన్నాయి. తెప్పలు ఒడ్డుకు చేరే రేవు బాగుచేయించుకోవాలి. చేపపిల్లలకు, వలలకు బ్యాంకు అప్పు తెచ్చుకోవాలి. నిబంధన మారినప్పుడల్లా మా మాట ఒకటి పైకి పంపుకోవాలి. వేసవిలో చెరకు రైతులు నీళ్లు వదలమంటారు, చేపలు తీసేదాకా ఆగమని మేమంటాం. ఇవన్నీ నోటితో తేలే పనులు కావు, కాగితం కావాలి. ఆ కాగితాలు రాసేది నేను.

నేను ఇంటర్ మధ్యలో మానేశాను. ఆ తర్వాత చదివిందంతా ఆ గ్రంథాలయంలోనే. ఏది ముందు చదవాలో చెప్పేవాళ్లు లేరు కనుక, మొదటి బీరువా పైఅర నుంచి మొదలుపెట్టి వరసగా వచ్చాను. అలా చదవడం వల్ల ఆయుర్వేదం, భూమి చట్టాలు, తేనెటీగల పెంపకం ఒకే నెలలో తెలిశాయి. గ్రంథపాలకుడు మొదట్లో నన్ను అనుమానంగా చూసేవారు. రెండో ఏడాదికి బీరువా తాళాలు నా చేతిలో పెట్టి టీకి వెళ్లేవారు. ఆ పావుగంట నేను చాలా గంభీరంగా కూర్చునేవాడిని.

ఆ చదువు సంఘానికి పనికొచ్చిందని చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. బ్యాంకు మేనేజరు ప్రాజెక్టు రిపోర్టు అడిగితే, అదెలా ఉంటుందో పుస్తకంలో చూసి పద్దెనిమిది పేజీలు రాశాను. ఆయన రెండు పేజీలు చదివి మిగతాది నోటితో చెప్పమన్నారు. అప్పు వచ్చింది. “అన్ని పేజీలు సూసి జడిసి ఇచ్చేసేడు,” అంటాడు మావ. ఊళ్లో మాత్రం “మా అల్లుడు రాసేడంటే రాసినట్టే” అని చెప్పుకుంటాడని నాకు తెలుసు.

నేను వెళ్లేసరికి సంఘం గదిలో అందరూ కూర్చుని ఉన్నారు. మత్స్యశాఖ నుంచి వచ్చిన కాగితం బల్ల మీద ఉంది. నన్ను చూడగానే ఎవరో దాన్ని నా వైపు జరిపారు. చదివి చెప్పాను. లైసెన్సు కొత్తగా ఇవ్వాలంటే సంఘంలో ఇంతమంది సభ్యులు తప్పకుండా ఉండాలి. ఇద్దరు పోయారు, కొందరు కంపెనీల్లో చేరి పేర్లు తీయించుకున్నారు. ఉండాల్సిన లెక్కకు ఒక్కరు తక్కువ. నెలన్నరలో ఆ ఒక్కరూ చేరకపోతే మా సంఘాన్ని అవతలి గట్టు సంఘంలో కలిపేస్తారు.

కలిపేస్తే ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేదు. చేపలు అవతలి రేవులో దిగుతాయి. మా ఆడవాళ్లు చేపల టబ్బులు నెత్తిన పెట్టుకుని కొండ చుట్టూ తిరిగి రావాలి. ఎప్పుడు వల వెయ్యాలో, ఎప్పుడు ఆపాలో వాళ్లు చెప్పాలి, మేం వినాలి.

“ఎవలున్నారు మనకి?” అన్నాడు మావ.

లెక్కేశారు. ఒకడు లారీ తోలుతున్నాడు. ఒకడికి పెళ్లి కుదిరింది, ‘చేపలు పడతాడు’ అంటే ఆ సంబంధం పోతుందని వాళ్లమ్మ రానివ్వలేదు. ఇంకొకడు చెన్నైలో ఉన్నాడు. ఆ తర్వాత అందరూ నెమ్మదిగా నా వైపు చూశారు.

నాకు నవ్వొచ్చింది. వాళ్లెవరూ నవ్వలేదు.

సంఘంలో చేరాలంటే ఊరికే సంతకం పెడితే కుదరదు. శాఖ నుంచి అధికారి వచ్చి రేవు దగ్గర పరీక్ష పెడతాడు. ఈత కొట్టాలి, వల అల్లాలి, విసురువల వేసి చూపించాలి. ఈత నాకు వచ్చు. అల్లడమూ వచ్చు. విసురువల మాత్రం ఏనాడూ ముట్టుకోలేదు. ఆ రాత్రే సంఘం పెట్టెలోంచి నియమావళి పుస్తకం తీసి సభ్యత్వం పేజీ అందరికీ పైకి చదివి వినిపించాను. ఊరి కాపురస్థులై ఉండాలి, మత్స్యకార కుటుంబం వారై ఉండాలి, వేట తెలిసి ఉండాలి, పద్దెనిమిదేళ్లు నిండాలి. అంతే. నాలుగు షరతులకు మూడు నాకు సరిపోయాయి.

మావకు నాలుగేళ్ల కింద రేవు రాళ్ల మీద జారిపడిన దగ్గర్నుంచి కుడి చెయ్యి చెవి దాటి లేవదు. కాబట్టి నాకు వల నేర్పే పని అత్త మీద పడింది. ఆవిడ రోజూ తెల్లారాక గట్టు మీదనుంచి నాలుగు వలలు విసిరి, పరిగెలో జెల్లలో ఏ చేపలు పడితే అవి ఇంటికి కొన్ని ఉంచి మిగతావి వడ్డాది తీసుకెళ్లి అమ్ముతుంది. తెప్పల మీద వెళ్లి పెద్ద వలలు కట్టేది మగవాళ్లు. దాన్ని వేట అంటారు. అత్త చేసేదాన్ని ఎవరూ ఏమీ అనరు.

నేను ముందుగా గ్రంథాలయంలో వెతికాను. విసురువల వెయ్యడం మీద బొమ్మలతో రెండు పేజీలు దొరికాయి. వాటిని నకలు తీసి గట్టు మీదికి తీసుకెళ్లాను.

“ఏటది?” అంది అత్త.

“పాదాలు ఎంత ఎడంగా పెట్టాలో ఉందత్తా.”

“పాదాలు జారకుండా పెట్టు, సాలు. ఆ కాయితం ఇలాగిచ్చీ, పరిగెలు సుట్టడానికి పనికొస్తాది.”

వల అంచును ఎడమ మోచేతి మీద కొంత, కుడి చేతిలో కొంత పట్టుకుని, సీసం గుళ్లున్న తాడును పళ్లతో కరిచిపట్టాలి. నడుం తిప్పి విసిరిన క్షణంలో పళ్లు వదలాలి. నేను ముందు వదిలేసేవాణ్ణి, లేకపోతే అసలు వదిలేవాణ్ణి కాదు. ఒకసారి వలతో పాటు నేనూ నీళ్లలో పడ్డాను. నోట్లో ఎప్పుడూ బురద రుచి.

“ఒరే బాబూ, సేపలు నిన్ను సూసి నవ్వుతన్నాయిరా. నవ్వినా ఒడ్డుకి రావు గదా,” అనేది. అనేసి, మెడ మీద చెయ్యేసి తిప్పి, నా నడుం ఎటు తిరగాలో చూపించేది. ఆవిడ చెయ్యి గరుకుగా, చల్లగా ఉండేది. పుస్తకంలో లేని విషయం ఒకటి ఆవిడ చెప్పింది: వల వేసేటప్పుడు వల కేసి చూడకూడదు, అది పడాల్సిన నీళ్ల కేసి చూడాలి. దాన్ని నోట్సులో రాసుకున్నాను.

పరీక్ష రోజు అధికారి పొద్దున్నే బైకు మీద వచ్చాడు. కుర్రవాడే, మర్యాదస్తుడు. సభ్యులందరూ గట్టు మీద నిలబడ్డారు. ఈత కొట్టాను. వల అల్లాను. “గుడ్,” అని రాసుకున్నాడు. విసురువలకు మూడు అవకాశాలు.

మొదటిది మూటలా పడింది. రెండోది సగం తెరుచుకుని నా భుజానికే చుట్టుకుంది. గట్టు మీద నుంచి అందరూ ఒకేసారి సలహాలు మొదలుపెట్టారు.

“నడుం తిప్పురా!”

“పళ్లు ఒగ్గీ, పళ్లు!”

“ఒరే, ఆ కళ్లద్దాలు తీసీ ముందు!”

మూడోది విసిరేటప్పుడు కళ్లు మూసుకున్నానని తర్వాత చెప్పారు. వల ఎటు పడిందో నేను చూడలేదు. చప్పుడు వినగానే అర్థమైంది. బరువైన రాయి పడ్డ చప్పుడు.

అధికారి పెన్ను మూత పెట్టి, “సారీ అండి. నేను ఉన్నది ఉన్నట్టే రాయాలి,” అన్నాడు. మావ తలొంచుకుని చేతికర్రతో నేల మీద గీస్తున్నాడు. ఆయన ముఖం అలా నేనెప్పుడూ చూడలేదు. నేను నడుం లోతు నీళ్లలో నిలబడి, ఏ పుస్తకం చదివి ఉంటే ఇది తప్పేదా అని ఆలోచిస్తున్నాను.

అత్తకు మటుకు వడ్డాది సంతకు టైమైపోతోంది. దిగి వచ్చి నా చేతిలోంచి వల లాక్కుని చిక్కు తీసింది. “మట్టంతా పట్టించేసేవు,” అని గొణుక్కుంటూ, బురద వదిలించడానికి దాన్ని ఒక్క విసురు విసిరింది. అటు చూడను కూడా లేదు, ఆటో వచ్చిందా అని రోడ్డు కేసి చూస్తోంది. వల గాలిలో గుండ్రంగా విచ్చుకుంది. గుళ్లన్నీ ఒకేసారి నీళ్లను తాకాయి, వాన చినుకుల్లా.

అధికారి మళ్లీ పెన్ను మూత తీశాడు. “అమ్మా, ఇంకోసారి వెయ్యండి.”

“మట్టి పోయింది బాబూ.”

“మట్టికి కాదమ్మా. మీరు మెంబరేనా?”

గట్టు మీద అందరూ గొల్లున నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే ఆపేశారు. ముందు ఆపింది మావ.

నాకు చెవులు వేడెక్కాయి. ఆ నాలుగు షరతులు వాళ్లందరికీ పైకి చదివి వినిపించింది నేనే. ఒంటరిగా ఇంకో రెండుసార్లు చదివాను. మగవాళ్లే ఉండాలని అందులో ఎక్కడా లేదు. నెలన్నర నాకు వల నేర్పిన మనిషి పక్కన నిలబడి, ఊరంతా ఒక మనిషి కోసం వెతికాం. గది నుంచి పుస్తకం పరిగెత్తి తెచ్చి ఆ పేజీ అధికారికి చూపించాను. చదివాడు. తిప్పి మళ్లీ చదివాడు.

“ఓలమ్మా, నానేటి, మెంబరేటి! మీ మావ నిజమనుకుంటాడు,” అంది అత్త.

“ఒసే, ఎయ్యే,” అన్నాడు మావ. “నాలుగేళ్లుగా నువ్వు తెచ్చిన సేపలే గదా తింటన్నాం.”

ఇంకో రెండు విసిరింది. చీర బిగించి తూము రాయి దాకా ఈది వచ్చింది. మాట్లాడుతూనే వల కన్నాలు నాలుగు అల్లింది. అధికారి అన్నీ రాసుకుని, పై ఆఫీసులో ఒక మాట అడగాలన్నాడు. ఫోను చేశాడు. అవతలివాళ్లు మళ్లీ చేస్తామన్నారు. అత్త తల తుడుచుకుని, టబ్బు ఎత్తుకుని ఆటో ఎక్కేసింది.

“సంతకం పెట్టాలే!” అని అరిచాడు మావ.

“మీ సంతకాలు కుళ్లిపోవు. నా సేపలు కుళ్లిపోతాయి.”

ఆ తర్వాత గంటకు ఫోను వచ్చింది. అభ్యంతరం లేదు, కానీ ఆవిడ అధికారి ఎదుటే సంతకం పెట్టాలి, జాబితా సాయంత్రంలోగా అందాలి. మావను నా బండి ఎక్కించుకున్నాను. అధికారి తన బైకు మీద వెనకాలే వచ్చాడు. వడ్డాది చేరేసరికి అత్త చేపల మధ్య కూర్చుని బేరాల్లో ఉంది. మమ్మల్ని చూసి కనుబొమ్మలు ఎత్తింది.

“ఈ తల్లికి తూచి ఇచ్చేక వస్తాను. కూకోండి.”

కూర్చోవడానికి ఏమీ లేదు. అధికారి గొడుగు నీడలో నిలబడ్డాడు. మావ ఆవిడ పక్కన గొంతుక్కూర్చున్నాడు. తర్వాత ఉన్నట్టుండి, “జెల్లలమ్మా, జెల్లలు! తాజా జెల్లలు!” అని కేక వేశాడు. నలభై ఏళ్లు చేపలు పట్టినవాడు, ఒక్క చేప అమ్మగా నేను చూడలేదు. అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

చేతులు కడుక్కుని ఫారం అందుకుంది. అటూ ఇటూ తిప్పి నాకిచ్చింది.

“సదువు.”

“ఏముందత్తా, పేరూ వయసూ...”

“అంతా సదువు. రోజూ ఎవలెవలికో సదువుతావు గదా.”

చదివాను. సంతలో నిలబడి, గ్రంథాలయంలో కంటే గట్టిగా. ఒకచోట ఆపమంది.

“సంఘం అప్పు కట్టకపోతే నాను కూడా పూచీ అంటన్నాడా?”

“అందరితో పాటు నువ్వూనూ.”

“మరి అప్పు తెచ్చేముందు నన్నడగాలా?”

“అడగాలి. నువ్వు ఒప్పుకోకపోతే ఒప్పుకోలేదని పుస్తకంలో రాయాలి.”

అత్త మావ కేసి చూసింది. మావ జెల్లల కేసి చూశాడు.

“అయితే బాగానే ఉన్నాది,” అని, టబ్బు మూత మీద కాగితం పెట్టుకుని, ఒక్కో అక్షరం విడివిడిగా, ఒత్తి రాసింది. అధికారి దాని కింద తన సంతకం పెట్టి ముద్ర వేశాడు. మా సంఘం మళ్లీ నిండింది.

చేపల కోసం నిలబడ్డ ఒకావిడ ఇదంతా చూసి, “ఏటమ్మా, లోను తీసుకుంటన్నావేటి?” అంది.

“కాదు, మెంబర్నవుతన్నాను,” అంది అత్త, తక్కెడ అందుకుంటూ. “నీకు ఎంత కావాలో బేగి సెప్పు, వీళ్లు నా బేరాలు సెడగొట్టేస్తన్నారు.”