మా తాతయ్య సైగ చేయడం మానేసిన రోజు

నా చిన్నప్పుడు మేము బెంగాల్‌లో, గార్డెన్ రీచ్‌లో రేవు కార్మికుల ఇళ్లలో ఉండేవాళ్లం. చుట్టూ అన్నీ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబాలే. మా తాతయ్య రేవులో క్రేన్‌కి సైగలు చేసే మనిషి. క్రేన్ నడిపేవాడికి ఓడ లోపల ఎవరున్నారో కనబడదు. ఓడ అంచున నిలబడిన మా తాతయ్య చెయ్యి తిప్పితే బరువు దిగేది, అరచెయ్యి చాపితే ఆగిపోయేది. కింద పనిచేసేవాళ్లు ఆ చేతిని నమ్ముకునే తల వంచుకుని పని చేసుకునేవారు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఆయన నడక మారింది. పాదాలు ఎత్తకుండా, చెప్పులు నేలకు రాస్తూ చిన్న చిన్న అడుగులు వేసేవాడు. ఏదైనా అడిగితే కాసేపటికి గాని జవాబు వచ్చేది కాదు. వచ్చాక మాత్రం అది సరైన జవాబే. ఎవరి పేరూ మరిచిపోలేదు, ఏ ఓడలో ఏ సరుకు వచ్చిందో మరిచిపోలేదు. అందుకే మాకెవరికీ అనుమానం రాలేదు. వయసు మీద పడుతోందనుకున్నాం. రక్తపోటుకు డాక్టరు ఇచ్చిన మాత్రలు ఆయన తలనొప్పి వచ్చిన రోజే వేసుకునేవాడు. నొప్పి లేకపోతే జబ్బూ లేదన్నది ఆయన నమ్మకం.

మేము మేడ మీద ఉండేవాళ్లం. పొయ్యి బూడిదను ఇనప బకెట్‌లో నింపి తాడుతో వాకిట్లోకి దింపడం నా పని. పిట్టగోడ అడ్డు వల్ల నాకు కింద గోడవార కనబడేది కాదు. తాతయ్య వాకిట్లో దూరంగా నిలబడి సైగ చేస్తుంటే నేను క్రేన్‌లా దింపేదాన్ని. అది మా ఇద్దరి ఆట.

ఒక ఆదివారం ఉదయం ఆయన చెయ్యి తిప్పుతున్నాడు, నేను తాడు జరజరా వదులుతున్నాను. ఉన్నట్టుండి ఆయన కళ్లు పెద్దవయ్యాయి. చెయ్యి మాత్రం తిరుగుతూనే ఉంది. అరచెయ్యి చాచేసరికి కింద కేక వినబడింది. తడిబట్టలతో బయటికి వచ్చిన కింది ఇంటి బెంగాలీ దీదీ భుజం మీద బకెట్ పడింది. ఎముక చిట్లింది.

మా అమ్మ వచ్చి నన్ను కొట్టింది. తాతయ్య గోడ పట్టుకుని మెట్లెక్కి వచ్చి అడ్డం నిలబడ్డాడు.

"గుంటని కొట్టకమ్మా. అది నా సెయ్యి సూసే దింపినాది. ఆవిడ రావడం నాను సూసినాను. ఆపాలనుకున్నాను. సెయ్యి రానేదు."

అమ్మ చెయ్యి దించేసింది. ఆయన ఆ పూట అన్నం ముట్టలేదు.

మర్నాడు పొద్దున్నే నా చెయ్యి పట్టుకుని, రేవులో కూలీలకు పనులు పంచే ముఠా సర్దార్ ఇంటికి నడిచాడు. సర్దార్ కూడా మా వైపువాడే. తనను సైగకి పెట్టొద్దని తాతయ్య అడిగితే ఆయన నవ్వేశాడు.

"ఏటి బావూ, బకెట్ పడ్డాదని పని మానీస్తావేటి?"

"రేపు పడీది బకెట్ కాదు కదా," అన్నాడు తాతయ్య.

సర్దార్ నవ్వు ఆగిపోయింది. ఆ రోజు నుంచి మా తాతయ్య రేవులో తాళ్లు చుట్టే పనికి వెళ్లాడు. పరువు పోయిందని మా నాన్న చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఆ తర్వాత నెలల తరబడి ఆయన ఒకేలా ఉండేవాడు. ఒక ఉదయం లేచేసరికి ఇంకో మెట్టు దిగిపోయి ఉండేవాడు. ఒకసారి చొక్కా గుండీలు ఎలా పెట్టుకోవాలో తెలియలేదు. ఇంకోసారి గడప ముందు నిలబడి, ఏ కాలు ముందు వెయ్యాలో తెలియక ఏడ్చాడు. చివరి రోజుల్లో మమ్మల్ని చూస్తే గుర్తుపట్టినట్టు కళ్లు కదిలేవి, నోట మాట మాత్రం వచ్చేది కాదు.

ఆ జబ్బేమిటో ఇన్నేళ్లకి, పోయిన వానాకాలంలో, అది నాకూ వచ్చాక తెలిసింది. భవానీపూర్‌లో డాక్టరుగారు నా మెదడు స్కాన్ చూపించారు. లోపల అక్కడక్కడా తెల్లటి మచ్చలు. మెదడు లోతుల్లో వెంట్రుకల్లాంటి రక్తనాళాలుంటాయట. ఏళ్ల తరబడి రక్తపోటు ఎక్కువగా ఉంటే అవి గట్టిపడి, సన్నబడి, కొన్ని మూసుకుపోతాయి. నొప్పి ఉండదు. వాటి చుట్టూ మెదడు కొంచెం కొంచెంగా దెబ్బతింటుంది. చాలామందిలో ముందు పోయేది జ్ఞాపకం కాదు, వేగం. ఆలోచనకీ పనికీ మధ్య ఆలస్యం పెరుగుతుంది. పోయింది తిరిగి రాదు గాని, మాత్రలు మానకుండా వేసుకుంటే మిగిలింది కొంత కాపాడుకోవచ్చన్నారు. నేను రోజూ వేసుకుంటున్నాను.

న్యూ టౌన్‌లో ఉండే మా అమ్మాయి ఆఫీసుకి వెళితే మూడేళ్ల మనవరాలిని నేనే చూసుకునేదాన్ని. మొన్నొక రోజు లిఫ్ట్ పక్కన మెట్ల అంచుకి అది పరుగెత్తడం చూశాను. ఆగమని అనాలనుకున్నాను. మాట వచ్చేలోపు అది తనంతట తనే ఆగింది.

ఆ సాయంత్రమే మా అమ్మాయితో అన్నాను, పాపని ఇక నా ఒక్కదాని మీద వదలొద్దని.

"ఏమీ అవలేదు కదమ్మా, ఎందుకలా అంటావు?" అంది.

ఏమీ అవకముందే చెప్పాలని నాకు ఎవరు నేర్పారో తనకి చెప్పాను. ఆ ఉదయం సర్దార్ వాకిట్లో ఆ ఒక్క మాట అనడానికి మా తాతయ్యకి ఎంత కష్టమైందో నాకు అప్పటిదాకా తెలియదు.