కాటుక పెట్టుకున్న గుడ్డు

టైలరమ్మ ఇంట్లో కిటికీ లేని గది బాత్రూమొక్కటే. గుడ్లలో పిల్ల ఎదిగిందో లేదో టార్చి వెలుగులో చూడాలంటే చీకటి కావాలి. అందుకని పొదిగే పెట్టెలోని ట్రే పట్టుకుని ఆవిడ లోపలికెళ్లి గడియ పెట్టుకుందంటే, ఇల్లంతా కాళ్లు ముడుచుకుని కూర్చోవాల్సిందే.

ఆ పొద్దున ట్రే తీస్తూనే ఆవిడ ముక్కు మూసుకుంది. పెట్టెలోంచి కంపు. అత్తగారు ముందే తేల్చి చెప్పేసింది: "ఇంకొక్కటి మురిగిందా, పెట్టె వీధిలో ఉంటుంది. ఇది ఇల్లా, కోళ్ల ఆసుపత్రా?" రోజంతా ఊళ్లోవాళ్ల బట్టలు కుట్టే ఆవిడకి, నాదీ అని చెప్పుకోవడానికి ఉన్నదల్లా ఆ పెట్టే.

టార్చి మీద ఒక్కో గుడ్డూ నిలబెట్టింది. పిల్ల నిండిన గుడ్డు నల్లగా ఉంటుంది, పైన గాలి ఉన్నంత మేరే వెలుగుతుంది. అన్నీ అలాగే ఉన్నాయి. ఒకటి మాత్రం లాంతరులా వెలిగిపోయింది. లోపల పిల్లా లేదు, జెల్లా లేదు. కదిపితే నీళ్లు ఊగాయి. కంపు దీనిదే.

దాని మీది ఇంటూ గుర్తు బొటనవేలికి అంటుకుంది. రోజూ గుడ్లు తిప్పుతూ, ఎటు తిప్పిందీ తెలియడానికి ఆవిడ పెట్టే గుర్తు పెన్సిలుది. అది అంటుకోదు. ఇది కాటుక. ఆ ఇంట్లో కాటుక పెట్టుకునేది ఒక్కరే.

"లోపల నిద్రపోయావా ఏంటి?" ఆ ఒక్కరే తలుపు తట్టారు.

టైలరమ్మ తలుపు ఓరగా తీసి వేలు చూపించింది. "అత్తయ్యా, ఈ గుడ్డు ఎక్కడికో షికారుకి ముస్తాబైంది. కాటుక కూడా పెట్టుకుంది."

అత్తగారు వేలు చూసింది, గోడ చూసింది, చటుక్కున లోపలికొచ్చి తలుపేసింది.

"అరవకు. పిల్ల కూస్తుందేమోనని చెవి దగ్గర పెట్టుకున్నా. జారింది. ఫ్రిజ్‌లోది ఒకటి తీసి దాని చోట పెట్టా. అయినా ఆ పగిలింది ముందే చిట్లి ఉందిలే."

"అవునులెండి. అత్త పగలగొడితే అడుగోటి కుండ, కోడలు పగలగొడితే కొత్త కుండ."

"నోరు బాగానే లేస్తోందే."

"మరి పెట్టె వీధిలో పెట్టేయనా?"

"ఎవరు చెప్పారు?"

"మీరే."

"నేను చెప్పినవన్నీ వినే కోడలివే మరి."

టైలరమ్మ అన్నిటికన్నా నల్లటి గుడ్డు తీసి అత్తగారి చెవికి ఆనించింది. గోరుతో గీకినట్టు చప్పుడు, వెనకే సన్నటి కూత. ముసలావిడ తెరిచిన నోరు మూయలేదు.

బయట టైలరమ్మ మొగుడు తువ్వాలు భుజాన వేసుకుని నిలబడ్డాడు. "అమ్మా, ఆఫీసుకి టైమైపోతోంది. ఇద్దరూ లోపలేం చేస్తున్నారు?"

"కుళాయి దగ్గర మొహం కడుక్కుని పోరా, చాలు," అంటూ అత్తగారు ఇంకో గుడ్డుకి చెయ్యి చాపింది.

"రెండు చేతులతో పట్టుకోండి అత్తయ్యా," అంది కోడలు.