అడ్డుపడిన పిల్ల మొహం

ఆ ప్రయాణం తర్వాత రీప్లేల్లో నేను బంతిని చూడడం మానేశాను.

కర్నూలు నుంచి కడప వెళ్తున్న బస్సులో పక్కసీటు పెద్దాయన ఫోన్‌లో రగ్బీ ఫైనల్ చూస్తున్నాడు. ఆఖరి నిమిషంలో ఆయన మనవరాలు బంతితో సహా గీత అవతల పడింది. అవతలి జట్టు పిల్ల ఒకతె బంతి కింద చేతులు పెట్టి అడ్డంపడింది. బంతి నేలకు తగిలుంటే గెలుపే. రిఫరీ వీడియో అడిగాడు. సగం బస్సు మా సీటు మీదికి వంగింది.

"చేతులు అడ్డమున్నాయి. సగానికి సగమే అవకాశం," అన్నాను.

"బంతిని ఎందుకు చూస్తాండావప్పా?" అన్నాడు పెద్దాయన. " అడ్డంపడిన పిల్ల మొగం చూడు. మా బండలాగుడు పందెంలోనూ అంతే. టేపుతో కొలవకముందే ఓడిన ఎద్దులాయన మొగం చెప్తాది."

ఆ పిల్ల మొహం వాడిపోయి ఉంది. అందరం ఈలలు వేశాం.

బంతి తగల్లేదని రిఫరీ చేయి ఊపాడు.

"కండ్లు కనపడవా ఆయప్పకు!" కండక్టర్ అరిచాడు.

పెద్దాయన నవ్వుతూ ఫోన్ నా ముందు పెట్టాడు. గెలిచిన జట్టు గంతులేస్తోంది. ఆ పిల్ల మాత్రం తల దించుకుని, ఆయన మనవరాలిని చేయి పట్టి లేపుతోంది.