గీతలు పడ్డ అద్దమే కావాలి

పాత కార్ల సామాన్లు అమ్మే కొట్టులో సైడు అద్దాలు గోడ నిండా వేలాడుతున్నాయి. కొట్టాయన ఒకటి దించి, చొక్కా అంచుతో తుడిచి ముందు పెట్టాడు.

"ఎడమవైపుది. చూడన్నా, కడిగిన ముత్యంలా ఉంది. ఒక్క గీత లేదు."

"గీతలున్నది కావాలి," అన్నాడు డ్రైవరు.

"భలేవాడివే! గుండు కొట్టించుకోబోతూ దువ్వెన కొన్నవాణ్ణి చూశాను గానీ, ఏరికోరి గీతలు అడిగేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా."

డ్రైవరు నవ్వలేదు. పనిచేసే లాండ్రీలో అందరూ ఆయన్ని హారన్ మామ అంటారు. కారు గేటు దాటకముందే ఆయన గొంతు లోపలికి వచ్చేస్తుంది మరి. మొన్నటి నుంచి ఆ గొంతు పెగలడం లేదు.

ఆ లాండ్రీ ఆసుపత్రుల దుప్పట్లు ఉతుకుతుంది. వెనక సీట్లు పీకేసిన పాత కారులో మూటలు పైకప్పు దాకా కుక్కుతారు. ఇక లోపలి అద్దంలో మూటలు తప్ప ఏమీ కనబడవు. కుడివైపు తల బయటపెట్టి చూసుకోవచ్చు. ఎడమవైపుకి బయటి అద్దమే దిక్కు. అది కిందటి వానాకాలంలో గేటుకు తగిలి ఊడిపోయింది. కొత్తది పెట్టించమని అడిగినప్పుడల్లా యజమానిది ఒకటే మాట. "ముందుకు చూసి నడపవయ్యా, వెనకేముంది?"

ఆ లోటు అక్కడ అందరూ ఇస్త్రీ అక్క అని పిలిచే ఆమె తీర్చింది. కారు వెనక్కి తీసే వేళకి ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి వచ్చి ఎడమవైపు నిలబడేది. రేకు మీద అరచేత్తో రెండు చరిస్తే రమ్మని, ఒకటి చరిస్తే ఆగమని. ఆ పనికి జీతం లేదు సరికదా, ఇస్త్రీ ఆలస్యమైందని మాటలు పడేది. "నీ అద్దానికి ఆకలేస్తోంది అన్నయ్యా, కాస్త టీ పోయించు," అనేది. "అద్దం తక్కువ మాట్లాడాలి చెల్లెమ్మా," అని ఈయన పోయించేవాడు.

మొన్న పొద్దున మూటలెత్తే మనిషి ఆఖరి మూట లోపలికి నెట్టి తలుపు వేశాడు. పనైపోయిందన్నట్టు, అలవాటుకొద్దీ రేకు మీద రెండు చరిచి వెళ్లిపోయాడు. హారన్ మామ అది చెల్లెమ్మ చెయ్యే అనుకుని కారు వెనక్కి తీశాడు. ఆమె ఎడమ చక్రం వెనక వంగి ఉంది. జారిపడ్డ దుప్పటి మట్టి కాకుండా తీస్తోంది. మట్టయితే కోత ఆమె కూలిలోనే.

ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

ఆమె కూతురు కూడా అక్కడే ఇస్త్రీ చేస్తుంది. అంతా అయ్యాక ఆయన దగ్గరికి వచ్చి, "అమ్మ చెయ్యికీ ఇంకొకళ్ల చెయ్యికీ తేడా తెలీలేదా మామా?" అంది. తిట్టినా బాగుండేది. అడిగింది, అంతే.

ఆ రోజు పోలీసులు చక్రం చుట్టూ కొలతలు తీసుకుని వెళ్లారు. అద్దం మాట ఎవరికీ తట్టలేదు. రేపు రవాణా శాఖ ఇన్‌స్పెక్టరు కారును పైనుంచి కిందిదాకా పరీక్షించడానికి వస్తాడు. అందుకే ఇవాళ పొద్దున యజమాని హారన్ మామను గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు.

"ఒక పాత అద్దం తెచ్చి బిగించెయ్. కొత్తది పెడితే అనుమానం. నీ ఉద్యోగానికి పూచీ నాది."

తల ఊపి వచ్చేశాడు. బుర్ర మొద్దుబారిన మనిషికి ఎవరో ఒకరు ఏదో ఒక పని చెప్పడమే ఊతం.

కొట్టాయన మూలన వెతికి, గీతలు పడి అంచు మాసిన అద్దాన్ని తెచ్చాడు. "ఇదుగోనన్నా. పుట్టినప్పటి నుంచి నీ కారుకే ఉన్నట్టుంది!"

ఆ మాటతో ఆయన మెదడు కదిలింది. మొదటి నుంచీ అద్దం ఉన్న కారు కింద మనిషి పడితే, తప్పు అద్దం పెట్టించనివాడిది కాదు, చూడని డ్రైవరుది. యజమాని చేతులు దులుపుకుంటాడు. ఆ పిల్లకి అతనివ్వాల్సిన పరిహారం పోతుంది. డ్రైవరు జైలుకెళ్తాడు. ఉరితాడు కొనుక్కురమ్మని ఉరి పడేవాణ్ణే బజారుకి పంపారన్నమాట! అది ఒక ఎత్తు. చెల్లెమ్మ అన్నాళ్లు ఎండలో, వానలో అక్కడ నిలబడిందన్న నిజమే లేకుండా పోవడం ఇంకో ఎత్తు. మనిషిని ఒకసారి చంపింది చాలలేదా?

"వద్దన్నా," అన్నాడు.

"అయితే గీతల్లేనిదే ఇవ్వనా?"

"అదీ వద్దు."

మర్నాడు ఇన్‌స్పెక్టరు అడక్కముందే చెప్పేశాడు. "అద్దం లేదండీ. కిందటి వానాకాలం నుంచీ లేదు. పోయిన ఆ మనిషి చెయ్యే మాకు అద్దం. ఆ రోజు నేను వేరే చెయ్యిని నమ్మాను. నా తప్పు నాకుంది. అదొక్కటే రాసుకుని వదిలెయ్యకండి."

ఇన్‌స్పెక్టరు రాసుకుని వెళ్లాడు. ఆయన జీపు మలుపు తిరిగిందో లేదో యజమాని తాళం కోసం చెయ్యి చాచాడు.

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టావు కదరా!"

"కష్టపడి తిన్నాను సార్," అని తాళం ఇచ్చాడు. ఈ వయసులో మళ్లీ పని ఎవరిస్తారో తెలీదు. కోర్టు ఏమంటుందో అసలే తెలీదు.

గేటు దగ్గరికి వచ్చేసరికి ఒక అద్దె కారు మూటలతో నిండి వెనక్కి రావడానికి సిద్ధంగా ఉంది. చవగ్గా దొరికిన బండి. ఎడమ అద్దం ఉండాల్సిన చోట టేపు చుట్టిన మొండి ఉంది. షెడ్డులోంచి ఆ పిల్ల చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆ పక్కనే నిలబడింది.

"నువ్వెందుకే ఇక్కడ?"

"అమ్మ చోట నిలబడమన్నారు మామా."

"నిలబడకమ్మా. అద్దం పెట్టించమని అడుగు."

ఆ పిల్ల ఆయన మొహంలోకి చూసింది. కోపం లేదు, వెటకారం లేదు.

"నువ్వు అడిగావుగా మామా," అంది.