మోచేతి రెండు పనులు

అక్క నా దగ్గరికి వచ్చేసరికి ఆమె కుడిచేయి మోచేతి దగ్గర సగం మడిచినట్టు ఉండిపోయింది. పైకీ రాదు, కిందికీ దిగదు. కల్యాణదుర్గంలో ఒక చిన్న ఆసుపత్రిలో ఫిజియోథెరపీ గది నాది. కీళ్ళు బిగుసుకుపోయినవాళ్ళను చూడటం నాకు రోజువారీ పని. కానీ ఎదుట కూర్చున్నది సొంత అక్క అయితే జాలి కంటే ముందు కోపం వస్తుందని ఆ రోజు తెలిసింది.

అక్క నాకంటే చాలా పెద్దది. కంబదూరు దగ్గర పల్లెలో ఉంటుంది. బావ లారీ డ్రైవరు, ఇంట్లో ఉండే రోజులు తక్కువ. వేరుశనగ సేద్యం, పాడి ఎనుములు, ఇల్లు అన్నీ అక్కవే. కంకర పరిచిన రోడ్డు మీద మోపెడ్ జారి పడింది. ముంజేతి ఎముక ఒకటి మోచేతి దగ్గర చిట్లిందని అనంతపురంలో ఎముకల డాక్టరు కట్టు వేసి, ఎప్పుడు వచ్చి తీయించుకోవాలో చెప్పి పంపాడు. సరిగ్గా అప్పుడే చేను పీకుడుకొచ్చింది. కూలీలు దొరికినప్పుడే పీకించుకోవాలి. అక్క కట్టుతోనే గట్టు మీద నిలబడి పని చేయించింది. ఆలస్యంగా కట్టు విప్పించుకునేసరికి చేయి కొయ్యబారింది. అది చాలదన్నట్టు ఇంటికి వచ్చాక ఆముదం రాయించి గట్టిగా లాగించుకుంది. మోచేయి బూరెలా వాచింది.

"ఎందుకు లాగిపిచ్చుకున్యావక్కా?" అన్నాను.

"లాగితే వస్తాదనిరి."

"ఎవురు?"

"అందరూ."

వాపు తగ్గేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వవద్దని చెప్పి మా ఇంట్లోనే ఉంచుకున్నాను. లాగుడు వల్ల కండలో కొత్త ఎముక పెరిగే ప్రమాదం ఉంది, అందుకని అనంతపురం తీసుకుపోయి మళ్ళీ ఎక్స్‌రే తీయించాను. ఎముక అతుక్కుంది. కొత్తగా పెరిగిందేమీ లేదు. అయితే అక్కడి డాక్టరు, ఈసారి వచ్చేటప్పటికి చేయి నోటిదాకా రాకపోతే మత్తిచ్చి వంచాల్సి ఉంటుందని చెప్పాడు.

"మత్తిస్తే, నేను సాలు అంటే ఎవురు ఇంటారు?" అంది అక్క తిరిగొచ్చే దావలో. ఆమె భయం అదొక్కటే.

మరునాడు నా గదిలో కూర్చోబెట్టి చేతిని మెల్లగా వంచి చూశాను. ఒకచోట ఆగింది. ఆ ఆగడంలోనే సంగతంతా ఉంటుంది. ఎముక ఎముకకు తగిలితే గోడకు తగిలినట్టు ఠక్కున ఆగుతుంది. చుట్టూ ఉన్న పొర బిగుసుకుని ఉంటే తడిసి ఎండిన తోలులాగా కొంచెం సాగి, ఇక చాలంటుంది. అక్కది తోలు ఆగడం.

"వస్తాదక్కా," అన్నాను.

"ఎట్ల సెప్తావు?"

"నా సేతికి తెలుస్తాండాది."

అక్క నమ్మినట్టు లేదు. గది మూలన వేలాడే ఎముకల బొమ్మ వైపు చూసి, "కొన్నాళ్ళు కదిలించకపోతేనే ఇట్ల బిగుసుకునేదుంటే, తలకాయ ఎముకలు ఎప్పుడూ కదలవు గదా, వాటికేమి కాల్యా?" అంది. నా దగ్గరికి వచ్చే వాళ్ళెవరూ అడగని ప్రశ్న.

నేను బొమ్మను దగ్గరికి లాగాను. పుర్రె మీద వంకర గీతలు చూపించి, అవీ కీళ్ళేనని, మెదడును కాయడానికి ఎముకలు ఒకదానితో ఒకటి పళ్ళు కలిపి బిగుసుకున్నాయని చెప్పాను. వెన్నుపూసల మధ్య మెత్తటి దిండ్లు ఉంటాయి, అవి కొద్దిగానే కదులుతాయి. భుజం, మోచేయి, మోకాలు అలా కాదు. అక్కడ ఎముకల చివరలకు నున్నటి మృదులాస్థి, చుట్టూ సంచిలాంటి పొర, లోపల గుడ్డు తెల్లసొనలాంటి ద్రవం ఉంటాయి. కదిలితేనే ఆ ద్రవం అన్ని మూలలకూ అందుతుంది. కదలకపోతే సంచి ముడుచుకుంటుంది.

"అయితే నాది సంచి రోగం," అంది అక్క. ఆ తర్వాత ఇంటికి ఎవరొచ్చినా అదే చెప్పింది.

లాగడం ఉండదన్నాను. వేడి కాపడం పెట్టుకుని, ఎడమచేత్తో కుడిచేతిని తనే వంచుకోవాలి. కాసేపటికి తగ్గిపోయే నొప్పి అయితే ఓర్చుకోవాలి, వాపు వస్తే ఆపాలి. అక్క పొయ్యి దగ్గరా, సీరియల్ చూస్తూనూ వంచుకుంటూనే ఉంది. నేను ఇంట్లో లేనప్పుడు మామూలు కంటే ఎక్కువే చేసిందని సాయంత్రం మోచేయి ముట్టుకుంటేనే తెలిసేది. వేడిగా ఉండేది. గట్టిగా అరిచేదాన్ని. "ఆసుపత్రిలో అందరినీ ఇట్లనే అరుస్తావా?" అనేది.

ఒక ఉదయం రాగిముద్ద, గోంగూర ఊరిబిండి పచ్చడి పెట్టుకుని తింటున్నాం. అక్క మాట్లాడుతూ మాట్లాడుతూ కుడిచేత్తో తింటోంది. తల వంచి చేతి దగ్గరికి నోరు తీసుకుపోవడం లేదు. చేయే నోటిదగ్గరికి వస్తోంది. నేను తినడం ఆపి చూశాను. ఆమె కూడా చూసుకుని, ఇంకో ముద్ద అందుకుంది.

తిన్నాక బట్టల సంచి సర్దుకోవడం మొదలుపెట్టింది. "నోటికాడికి వచ్చె గదా, ఇంగ పోతా. ఎనుములు పక్కింట్లో ఉండాయి."

ఆమె కుడి మోచేతిని పక్కటెముకలకు ఆనించి పట్టుకున్నాను. అరచేయి పైకి తిప్పమని గుప్పెడు పప్పులు పోశాను. అరచేయి సగమే తిరిగింది. పప్పులన్నీ నేల మీద పడ్డాయి.

"ఇదేమి? నిన్న తిరిగె గదా," అంది.

"నిన్న తిప్పింది నీ భుజం."

మోచేతికి పనులు రెండు. తలుపు మడతబందులాగా ముడుచుకుని చాచుకోవడం ఒకటి. ముంజేతిలోని రెండెముకల్లో ఒకటి రెండోదాని చుట్టూ తిరిగి అరచేతిని పైకీ కిందికీ మార్చడం రెండోది. అక్కకు చిట్లిన ఎముక ఆ తిరిగేదే. పైన భుజం ఉంది చూడండి, బంతి గిన్నెలో కూర్చున్నట్టుండే కీలు అది, అన్ని దిక్కులకూ పోతుంది. కింది కీలు చేయని పని అది చేసేస్తుంది. మోచేతిని పక్కటెముకలకు ఆనిస్తే తప్ప ఆ దొంగతనం దొరకదు.

"భుజం సాయం సేస్తాంటే వద్దంటావేమ్మే?" అంది అక్క.

"అది సేసినన్నాళ్ళు కిందిది సెయ్యదు."

అక్క సంచి మళ్ళీ విప్పింది. చపాతీ కర్ర నిలువుగా పట్టుకుని, మోచేతిని పక్కకు కట్టేసినట్టు ఉంచి, అటూ ఇటూ తిప్పడం పని. ఇది వంచడం కంటే మెల్లగా వచ్చింది. విసుక్కుంది, బావకు ఫోను చేసి నా మీద చెప్పింది, కానీ మానలేదు.

మళ్ళీ అనంతపురం పోతే డాక్టరు కొలిచి చూసి, మత్తిచ్చి వంచాల్సిన పని లేదన్నాడు. చేయి చాచడంలో మాత్రం కాస్త లోటు మిగిలిపోవచ్చన్నాడు.

"ఆ మిగిలింది రాకపోతే ఏమి నష్టం సార్?" అని అడిగింది.

"ఏమీ లేదమ్మా. పూర్తిగా చాపలేవు, అంతే."

"అంత సాపి నేను ఎవురికీ సూపించేది ల్యా."

డాక్టరు నవ్వాడు. నేను ఆ మిగిలింది కూడా రాబట్టగలనన్న ధీమాతోనే ఉన్నాను. కానీ చేయి నాది కాదు, అక్కది. ఆమె చాలంది. ఆ వారమే ఊరికి పోయింది.

ఈ ఏడు వాన ఆలస్యంగానైనా పడింది. విత్తనం వేస్తున్నారని తెలిసి ఒక ఆదివారం పోయాను. ఎద్దుల గొర్రు వెనక అక్క నడుస్తోంది. ఒడిలోంచి గింజలు తీసి, గొర్రు మీది జడ్డిగంలోకి, ఆ చిన్న కొయ్య గిన్నెలోకి, వేళ్ళ సందుల్లోంచి సమంగా వదులుతోంది. అరచేయి పైకి వస్తోంది, పక్కకు తిరుగుతోంది, మళ్ళీ ఒడిలోకి పోతోంది. మోచేయి మాత్రం పూర్తిగా చాచుకోక కొంచెం వంగే ఉంటోంది. నేను గట్టు మీద నిలబడి ఆ చేతినే చూస్తున్నాను.

చాలు చివరికి వచ్చి అక్క నన్ను చూసింది.

"ఊరికే నిలబడి సూసేదేమ్మే? ఆ ఇత్తనాల సంచి ఈడికి ఎత్తుకురా."

చెప్పులు గట్టు మీద విడిచి, సంచి భుజాన వేసుకుని చేలోకి దిగాను.