వన్స్ మోర్ రాని పాట

టెక్కలిలో మా బావ నడిపే నాటక సమాజానికి పాటలు రాసేవాణ్ణి నేను. హార్మోనియం మీద ముందు వరస పుట్టేది, తరవాత అందులో మాటలు ఇరికించడం నా పని. నా సమాసాలంటే నాకు మహా ముద్దు. ఎవరైనా వాటిని నమిలి పాడితే అలిగి ఆ పూట అన్నం మానేసేవాణ్ణి.

ఆ రోజుల్లో పాట బతకాలంటే జనం "వన్స్ మోర్" అని అరవాలి. ఇంగ్లీషు అక్షరమ్ముక్క రానివాళ్లకూ ఆ కేక వచ్చు. ఒక వేసంగిలో మాత్రం నా పాటలకి ఏ ఊళ్లోనూ ఆ కేక పడలేదు. బావకి ఒళ్లు మండింది.

"ఒరే బామ్మర్దీ, వజ్రపుకొత్తూరు దగ్గర సేపలోళ్ల పల్లెలో ఆటే ఆఖరు. అక్కడా వన్స్ మోర్ రాకపోతే బరంపురం నుంచి ఏరే కవిని తెత్తాను. ఏటీ అనుకోకు."

"తెచ్చుకో! నాకేటి బయ్యవా?" అని ఎగిరానే గానీ, పాటలు తప్ప నాకు చేతనైంది ఏదీ లేదు.

అక్కడ ఆడబోయే నాటకంలో పల్లెపిల్ల వల లాగుతూ పాడాలి. ఏ వరసా కుదరక, ఒడ్డున పెద్దవల లాగేవాళ్ల "ఐలేసా" దరువునే హార్మోనియం మీదికి ఎక్కించాం. దరువైతే తెచ్చుకున్నాం గానీ, దాని కట్టుబాటు ఏమిటో ఎవరినీ అడగలేదు.

ఆట రోజు పొద్దుగూకేసరికి జీడితోట పక్కన ఇసకలో పల్లె పల్లెంతా కూర్చుంది. మీసం గొరిగించుకుని చీర కట్టిన మా నటుడు పాట ఎత్తుకోగానే జనం "ఐలేసా" అన్నారు. నేను తెర వెనక పొంగిపోయాను. చరణాలు అయిపోయాయి. రాజు వేషం రంగం మీదికి వచ్చింది. వన్స్ మోర్ లేదు సరికదా, జనం కోపంగా లేచి నిలబడ్డారు.

"వల నీట్లో ఉండగా పాటొగ్గీసినావేటమ్మా? ఎత్తుకో!" అని ముందు కూర్చున్న ముసలమ్మ గద్దించింది.

వల ఒడ్డెక్కేదాకా పాట ఆపకూడదట అక్కడ. మా నటుడు బిక్కమొహం వేసి తెరవైపు చూశాడు. ఇక సమాసాలకి వ్యవధి ఎక్కడిది! నోటికొచ్చిన మాటలు అందించాను.

"రాజుగోరి గుర్రమేదీ, ఐలేసా! ఇసకలోన కూలబడ్డాది, ఐలేసా! మా బావ బొజ్జ బరువు సూడు, ఐలేసా!"

జనం గాలిలో తాళ్లు లాగుతూ ఊగిపోయారు. రాజు కూడా కిరీటం తీసి పక్కన పెట్టి లాగాడు. నా గొంతు బొంగురుపోయాక, "వల ఒడ్డెక్కిందో!" అని అందించాను. అప్పుడు గానీ వాళ్లు కూర్చోలేదు.

తెల్లారి నేను బట్టలు మూట కడుతున్నాను.

"వన్స్ మోర్ రాలేదుగా బావా, ఆ కవికి కబురెట్టు" అన్నాను.

ఇంతలో రాత్రి గద్దించిన ముసలమ్మే తాటాకు బుట్టతో మా బండి దగ్గరికి వచ్చింది.

"తెరెనకాల మాటలందించినోడెవరు బాబూ?"

అందరూ నన్ను చూపించారు.

"వల్లో పడ్డ సేపల్లో పాట కట్టినోడికీ పాలుంటాది. ఇది నీ పాలు" అని బుట్ట నా చేతిలో పెట్టింది. అందులో అప్పుడే పట్టిన చేపలు ఇంకా కొట్టుకుంటున్నాయి.

బావ పగలబడి నవ్వాడు. "పాట ఒకసారైనా అవనిత్తే కదరా వన్స్ మోర్ అనడానికి! మూటిప్పు."

పాడినవాడికి చప్పట్లు కొట్టినవాళ్లని ఎందరినో చూశాను. తెర వెనక ఎవరున్నారని అడిగినది మాత్రం ఆవిడొక్కతే. ఆనందం పట్టలేకపోయాను. బుట్ట నెత్తిన పెట్టుకుని, చేపల నీళ్లు మొహం మీదికి కారుతున్నా, బండి చుట్టూ గంతులేశాను.