చూడకుండా నింపిన గడి

సార్ పోయారని వాళ్లమ్మాయి ఫోన్ చేసినప్పుడు నేను క్లినిక్‌లో పీపీఈ కిట్టు తొడుక్కుంటున్నాను. కరోనాయే తీసుకుపోయింది. శ్మశానానికి ఎవరూ రావద్దని కూడా చెప్పింది. ఏడుపొచ్చింది. దాని వెనకే, ఇక ఆయన ముఖం చూడక్కర్లేదన్న తేలిక కూడా వచ్చింది. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అదే నిజం.

సార్ మిలిటరీ ఆసుపత్రిలో దవడ ఆపరేషన్లు చేసే డాక్టరు. అన్నదమ్ములంతా సూరత్ పక్కన కడోదరాలో మరమగ్గాలు నడుపుతుంటే ఈయన ఒక్కరే ఫౌజులో చేరారు. విరిగిన దవడకు ప్లేటు వేస్తే ఆర్నెల్ల తర్వాత ఎలా ఉంటుందన్న పరిశోధనలో నేను ఆయనకు సహాయకురాలిని. డెంటల్ కాలేజీ నుంచి అప్పుడే బయటపడి, అన్నీ తెలుసనుకునే రోజులు.

మొదటిరోజే నా తెలివి తెల్లారింది. ఒక జవానుని నొప్పి ఉందా అని అడిగాను. అటెన్షన్‌లో నిలబడి "ఠీక్ హై మేడమ్" అన్నాడు. రాసుకోబోతుంటే సార్ సొరుగులోంచి వేయించిన శనగలు తీసి అతని చేతిలో పోశారు. రెండు గింజలకే అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఠీక్ హై అంటే జవాబు గాదు బిడ్డా, సెల్యూట్. జర నమలమని చూడు, అప్పుడు రాయి."

ఆ శనగలు పేషంట్ల కంటే ఆయనే ఎక్కువ తినేవారు. అడిగితే "క్వాలిటీ చూడొద్దా?" అనేవారు.

ఆర్నెల్లు గడిచేసరికి కొందరు జవాన్లకు బదిలీలయ్యాయి. ఫోన్లు కలవలేదు. పరిశోధన పేపరు పంపే గడువు ముంచుకొచ్చింది. నమలగలుగుతున్నారా అన్న గడి ఖాళీగా ఉంటే బాగుండదని, ఎవరినీ అడగకుండానే వాళ్లందరికీ ‘బాగుంది’ అని నింపేశాను. సార్ నన్ను నమ్మి సంతకం పెట్టారు.

నెల తిరక్కుండానే వాళ్లలో ఒక హవల్దారు తిరిగొచ్చాడు. ప్లేటు చుట్టూ చీము పట్టి దవడ వాచిపోయింది. సార్ నా కాగితం చూశారు, అతన్ని చూశారు. ఆ రోజే పేపరు వెనక్కి తీసుకున్నారు. పై అధికారులకు తప్పు తనదేనని చెప్పారు. మళ్లీ ఆయనకు పరిశోధన ఇవ్వలేదు. నన్ను తిట్టినా బాగుండేది.

"గాయిన ఆర్నెల్లసంది పప్పునీళ్లే తాగుతున్నడంట బిడ్డా" అన్నారు, అంతే.

రిటైరయ్యాక సార్ సూరత్ వచ్చి ఆల్థాన్‌లో కూతురింట్లో ఉన్నారు. నా ప్రాక్టీసూ ఈ ఊళ్లోనే. ఇరవై నిమిషాల దారి. ఒక్కసారీ వెళ్లలేదు. బ్లాక్ ఫంగస్ వచ్చి మనుషులకు దవడలే తీసేయాల్సి వచ్చిన రోజుల్లో మాత్రం ఒక పేషంటు విషయంలో దిక్కుతోచక ఫోన్ చేశాను. ఏ నిష్ఠూరమూ లేదు. "గాబరా పడకు. ముందుగాల ఏం తింటున్నడో చెప్పు" అన్నారు. తర్వాత దాదాపు రోజూ మాట్లాడుకున్నాం. క్షమించండి సార్ అన్న మాట మాత్రం గొంతు దాటలేదు. ఇవన్నీ తగ్గాక ఇంటికెళ్లి చెబుదామనుకున్నాను.

ఆయన పోయిన పదకొండో రోజు వెళ్లాను. వాళ్లమ్మాయి తలుపు తీసింది. పేరు చెప్పగానే గుర్తుపట్టింది.

"మీరేనా అక్కా? బాపు ఎప్పుడూ మీ ముచ్చటే. ‘నా దగ్గర పన్జేసినోళ్లల్ల ఆ పిల్ల ఒక్కతే, చూడంది రాయది’ అనేటోడు. గంత పక్కానా మీరు?"

గోడకు సార్ ఫొటో ఉంది. అటు చూడకుండా "అవునమ్మా" అన్నాను. మాస్కు పైన నా కళ్లే కనబడుతున్నాయేమో, వాటిలో నీళ్లు చూసి దగ్గరికొచ్చింది. తండ్రిని పోగొట్టుకున్న ఆ పిల్ల, నా భుజం మీద చెయ్యేసి నన్ను ఓదార్చింది.